ఓడిపోవడానికి ఎవరు రాస్తారు?

మా ఇంటికి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో, వేసవి సెలవులకి వచ్చిన మా పెదనాన్న కొడుకులిద్దరూ మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. కార్డులాడేవాళ్ళు. ఒక్కో కార్డు మీద ఒక్కో రెజ్లర్ బొమ్మ, కింద అతని ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలతలు. ఒకడు "ఛాతీ" అనగానే ఇద్దరూ కార్డులు తిప్పి చూసుకునేవాళ్ళు. కొలత ఎక్కువున్నవాడు రెండోవాడి కార్డు లాగేసుకునేవాడు. ఆటంతా అంతే. నన్ను ఆడనిచ్చేవాళ్ళు కాదు గానీ పక్కన కూర్చుని చూడనిచ్చేవాళ్ళు. "అండర్‌టేకర్ చచ్చిపోయాడు కదా అన్నయ్యా, మళ్ళీ ఎలా వచ్చాడు? ఎవరు లేపారు?" అని నేనడిగితే చిన్నన్నయ్య విసుక్కునేవాడు. "బరువెంతో చూసి చెప్పు చాలు, కథలెందుకే నీకు?"

బరువు అడిగేవాళ్ళూ, కథ అడిగేవాళ్ళూ ఒకే ఆటలో కూర్చుంటే ఏమవుతుందో చూసే అవకాశం చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. పీహెచ్‌డీ పూర్తయిన ఏడాది, ఏ డిగ్రీకీ పనికిరాని చదువేదైనా చదవాలన్న కోరికతో అంతర్జాలంలో తిరుగుతుంటే అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశాలవాళ్ళు రాసుకుంటున్న ఒక విచిత్రమైన సాహిత్యం కంటపడింది. ఫాంటసీ రెజ్లింగ్ అంటారు. వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పొట్టిపేరు ఈ-ఫెడ్. 1980లలో ఉత్తరాల మీద నడిచిన ఈ ఆట 1990ల మధ్యనుంచి అంతర్జాలంలోకి వచ్చి విస్తరించింది. సాహిత్య విమర్శకులెవరూ దీని జోలికి పెద్దగా పోలేదు. నేను మాత్రం వదల్లేకపోయాను.

ఆట పద్ధతి ఇదీ. రాసేవాళ్ళు ఎవరికి వాళ్ళు ఒక రెజ్లర్‌ని కల్పించుకుంటారు. పేరు, ఊరు, ఎత్తు, బరువు, రింగులోకి వచ్చేటప్పుడు మోగే పాట, ప్రత్యర్థిని పడగొట్టే ఆఖరి పట్టు, మంచిపాత్రా చెడ్డపాత్రా అన్నది, అన్నీ ముందే రాసి ఇస్తారు. ముఖం మాత్రం తరచు ఏ నిజమైన రెజ్లర్ ఫొటోనో అరువు తెచ్చుకుంటారు. ఫెడ్ నడిపే మనిషి వారానికో రెండు వారాలకో ఎవరితో ఎవరు తలపడతారో ప్రకటిస్తాడు. గడువులోగా ఇద్దరూ తమ పాత్ర గొంతుతో ఒక రచన చేసి పెట్టాలి. దాన్ని రోల్‌ప్లే అంటారు. ఎవరి రచన బాగుందని న్యాయనిర్ణేతలు అనుకుంటే వాళ్ళ పాత్ర గెలుస్తుంది. తర్వాత ఆ మ్యాచ్‌ని దెబ్బ దెబ్బనా వర్ణిస్తూ ఇంకెవరో వచనంలో రాస్తారు. గడువు దాటినా రచన పెట్టనివాళ్ళు ఓడిపోయినట్టే లెక్క. రింగు లేదు, టిక్కెట్టు లేదు, చెమట లేదు. ఉన్నదంతా రాత.

అన్ని ఫెడ్‌లూ ఇలా నడవవు. కొన్నింట్లో అంకెలన్నీ కంప్యూటర్ ప్రోగ్రాముకి ఇస్తే అదే ఫలితం తేల్చేది, అచ్చంగా మా అన్నయ్యల కార్డులాటలాగే. ఇంకొన్నింట్లో ఎవరు గెలవాలో రాసేవాళ్ళు ముందే మాట్లాడుకుని, ఆ గెలుపోటముల చుట్టూ కథ అల్లుకుంటారు. వీటిని యాంగిల్ ఫెడ్‌లంటారు. ఈ రెండు రకాలవాళ్ళకీ మధ్య ఏళ్ళ తరబడి సాగిన వాదన ఒకటుంది: మనం కథ చెప్పడానికి రాస్తున్నామా, గెలవడానికి రాస్తున్నామా? వాళ్ళ భాషలో అది ఆట నియమాల గురించిన తగాదా. నాకు మాత్రం రచన గురించిన చాలా పాత ప్రశ్నలా వినిపించింది.

తమాషా ఏమిటంటే అసలు రెజ్లింగ్‌లో ఈ ప్రశ్న తిరగేసి ఉంటుంది. అక్కడ గెలుపు ఎవరిదో ముందే నిర్ణయమైపోతుంది. 1989లో విన్స్ మెక్‌మాన్ కంపెనీ న్యూజెర్సీ చట్టసభ ముందు ఇది క్రీడ కాదు, వినోదమని స్వయంగా ఒప్పుకుంది, క్రీడలకుండే నియంత్రణలూ రుసుములూ తప్పుతాయని. అంతకు 30 ఏళ్ళ ముందే రోలాఁ బార్త్ తన 'మిథాలజీస్' (1957)లో రెజ్లింగ్ మీద వ్యాసం రాస్తూ, పోటీ నిజమా కాదా అన్నది ప్రేక్షకులకి అక్కర్లేదనీ, వాళ్ళు చూడ్డానికొచ్చింది బాధ, ఓటమి, న్యాయం అనే వాటి ప్రదర్శననీ అన్నాడు. మన పద్యనాటకం చూసేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో తెలియక ఎవరూ తెల్లవార్లూ చాపల మీద కూర్చోరు. రాగం ఎంతసేపు తీస్తాడా అని కూర్చుంటారు.

అంటే రెజ్లింగ్‌లో కొట్లాట కల్పన, కథ నిజం. దాన్ని ప్రేమించినవాళ్ళు కాగితం మీదికి తెచ్చేసరికి కథ కాస్తా నిజమైన కొట్లాటయింది! రింగులో ఇద్దరు మనుషులు ఒకరి ఒంటికి దెబ్బ తగలకుండా ఇంకొకరు కాచుకుంటూ, చేతులు నొక్కి సైగలు చేసుకుంటూ, కలిసి ఒక పోటీని కల్పిస్తారు. ఈ-ఫెడ్‌లో ఇద్దరు రచయితలు ఒకరికొకరు చూపించుకోకుండా విడివిడిగా రాసి నిజంగానే పోటీ పడతారు. ఓడిన పాత్రకి నొప్పి లేదు. ఓడిన రచయితకి ఉంటుంది.

నాటకమే అయినా ఓటమి తేలిక కాదని రెజ్లింగ్‌లోనూ ఒక సాక్ష్యం ఉంది. 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్ తన సొంత దేశంలో షాన్ మైకేల్స్ చేతిలో ఓడిపోవడానికి ఒప్పుకోలేదు. మెక్‌మాన్ అతనికి చెప్పకుండా గంట కొట్టించి ఓడించేశాడు. ఆ రాత్రి గురించి అభిమానులు ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. కల్పన అని తెలిసిన ఓటమికి ఒక మగవాడు అంతగా విలవిల్లాడిపోవడం వెనక ఏముందో స్త్రీవాదులు ఆలోచించాల్సిన విషయమే. హెన్రీ జెంకిన్స్ 1997లో రాసిన వ్యాసంలో టీవీ రెజ్లింగ్‌ని మగవాళ్ళ మెలోడ్రామా అన్నాడు. ఆడవాళ్ళ సీరియళ్ళని చూసి నవ్వే మగవాళ్ళు ఏడవడానికి, కోపగించుకోవడానికి, మోసపోయామని గుండెలు బాదుకోవడానికి పెట్టుకున్న చోటు అది, పైన కొట్లాట ముసుగు కప్పి. ఈ మాట ఒప్పుకుంటే ఈ-ఫెడ్ ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. అక్కడ ఆ మగవాళ్ళు కండల ముసుగు కూడా తీసేసి కూర్చుని వేల మాటలు రాసుకుంటున్నారు. అమ్మ గురించి, తాగుబోతు నాన్న గురించి, విడిపోయిన భార్య గురించి. మామూలుగా ఎవరితోనూ మాట్లాడలేని సంగతులు, వచ్చే వారం మ్యాచ్ అన్న సాకుతో.

నిజం చెప్పాలంటే వీటిలో చాలావాటిని చదవలేం. తిట్లు, గొప్పలు, మళ్ళీ తిట్లు. అయితే రోల్‌ప్లే నిర్మాణం మాత్రం ఆసక్తిగా ఉంటుంది. అది తరచు రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి కెమెరా లేనప్పుడు పాత్ర బతుకు: ఇల్లు, బస్సు ప్రయాణం, ఆస్పత్రి. రెండోది కెమెరా ముందు ప్రత్యర్థిని ఉద్దేశించి చేసే సవాలు, దాన్ని ప్రోమో అంటారు. కథంతా మొదటి భాగంలో ఉంటుంది. మార్కులు ఎక్కువగా రెండో భాగానికి పడతాయి, ఎందుకంటే గెలుపు ప్రత్యర్థి మీద కాబట్టి ప్రత్యర్థిని ఎంత బాగా చీల్చావన్నదే న్యాయనిర్ణేత చూస్తాడు. అలవాటు పడ్డవాళ్ళు ఇది గ్రహించి మొదటి భాగాన్ని కూడా రెండోదానికి సరుకుగా మార్చేస్తారు. చిన్నప్పటి దెబ్బ ఏదైనా ఉందంటే అది చివరి పేరాలో ప్రత్యర్థి మీద విసరడానికే.

నన్ను ఇందులోకి లాగిన రచన ఒకటుంది. రాసినవాళ్ళ పేరు చెప్పను, ఆడో మగో కూడా తెలీదు. ఒక ఆడ రెజ్లర్, టైటిల్ మ్యాచ్‌కి ముందు రాత్రి. హైవే పక్క ఊళ్ళో కాసులేస్తే బట్టలుతికే మిషన్లుండే దుకాణంలో ఒక్కతే కూర్చుని రింగు బట్టలు ఉతుక్కుంటూ ఉంటుంది. మిషను తిరుగుతుంటుంది. వాళ్ళమ్మ ఫోను చేసి, ఇంట్లో గీజరు పాడైందని చెబుతుంది, మ్యాచ్ సంగతి అడగదు. ఆరబెట్టే మిషనుకి చిల్లర సరిపోదు. తడిబట్టలు ఒళ్ళో పెట్టుకుని, దుకాణం మూసేవాడు లైట్లు ఆర్పేదాకా కూర్చుంటుంది. ప్రత్యర్థి పేరు ఆఖరి పేరాలో ఒక్కసారి వస్తుంది: ఆమె కూడా ఈ పూట ఎక్కడో బట్టలు ఉతుక్కుంటూ ఉంటుందేమో అని. అంతే. ఆ మ్యాచ్‌లో ఆ పాత్ర ఓడిపోయింది. ప్రత్యర్థి గురించి సరిపడా లేదన్నారు. ఆ నియమాల ప్రకారం ఆ తీర్పు సరైనదే. అది తప్పని నేను అనలేను, అందుకే అది ఇన్నేళ్ళుగా నన్ను వదల్లేదు.

గెలిచే ఆడపాత్రలు ఎలా ఉంటాయో కూడా చెప్పాలి. నేను చదివినవాటిలో ఆడ రెజ్లర్లకి గతం కావలసి వచ్చినప్పుడు ఎక్కువమంది వెతుక్కునేది ఒకే చోట: అత్యాచారం, లేదా కొట్టిన మొగుడు, లేదా పోయిన బిడ్డ. మగపాత్రకి మోకాలి దెబ్బో, స్నేహితుడి ద్రోహమో సరిపోతుంది. ఆడపాత్రకి మాత్రం ఆమె ఒంటి మీద జరిగిన హింస చెబితేనే లోతు వచ్చినట్టు. అది రాయకూడదని కాదు. మన కథకులు ఎంత కష్టపడి ఆ మౌనాన్ని బద్దలు కొట్టారో మనకి తెలుసు. కానీ ఇక్కడ ఆ నొప్పి మార్కులు తెస్తుంది. మ్యాచ్ మ్యాచ్‌కీ దాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి, లేకపోతే పోయినసారి చెప్పిందే కదా అంటారు. అత్యాచారం కార్డు మీద ఛాతీ కొలతలాంటిదైపోతుంది. ఎవరిది ఎక్కువుంటే వాళ్ళది చెయ్యి.

ఆ ఆడపాత్రల్ని నడిపేది చాలాచోట్ల మగవాళ్ళే. దీనిమీద నాకు తొందరపడి తీర్పు చెప్పాలని లేదు. సత్యభామని వేదాంతం సత్యనారాయణశర్మ ఆడితే చూసి మురిసిపోయినవాళ్ళం. పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాస్తే ఇల్లాళ్ళే ఇష్టపడి చదివారు. ఇంకొకరి ఒంట్లో దూరి లోకాన్ని చూడాలనుకోవడం రచనలో పుట్టు గుణం. నా అభ్యంతరమల్లా ఆ ఒంట్లో దూరి ఏం చేశారన్న దానిమీద. తన పాత్రకి నెలసరి వస్తుందని, పక్కటెముకల కింద బ్యాండేజీ కడితే బ్రా ఎక్కడ ఒరుసుకుంటుందో తెలియాలని, రింగు వెనకాల గదిలో ఒక్కతే ఆడదైతే తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటుందని ఎప్పుడూ అనిపించనివాళ్ళు ఆమె మీద జరిగిన హింసని మాత్రం పేజీల కొద్దీ వర్ణించగలిగితే, వాళ్ళు ఆమె ఒంట్లోంచి చూడటం లేదు. ఎదురుగా నిలబడి చూస్తున్నారు.

ఇంతవరకూ చదివి, నేను కథ పక్షం, గెలుపుకి వ్యతిరేకిననుకోవచ్చు. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. ఉర్సులా లెగ్విన్ 1986లో రాసిన వ్యాసం ఒకటి చేతికందితే ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. మనిషి మొదట చేసిన పనిముట్టు బల్లెం కాదు, గింజలు ఏరుకుని తెచ్చుకోవడానికి సంచి అయివుంటుందని ఆవిడ వాదన. బల్లెం చుట్టూ అల్లిన కథలో ఒక వీరుడు, ఒక దెబ్బ, ఒక గెలుపు ఉంటాయి. సంచిలాంటి కథలో పక్కపక్కన చాలా వస్తువులు పడివుంటాయి, ఏదీ ఏదాన్నీ చంపక్కర్లేదు. బట్టలుతికే రాత్రి కథ చదివినప్పుడు ఇదిగో సంచి అనుకున్నాను.

కానీ మనతో ఎప్పుడూ అన్నమాటే కదా ఇది: నీకు గెలుపెందుకమ్మా, నీ అందం వేరు, నీ విలువ వేరు. ఇంట్లో ఆడపిల్ల చదరంగంలో గెలిస్తే ముద్దుగా నవ్వి, మళ్ళీ మళ్ళీ గెలిస్తే "పొగరు" అన్నవాళ్ళ మధ్య పెరిగాం. గెలవాలనుకోవడమే మగతనమని మనమే ఒప్పేసుకుంటే ఎవరికి లాభం?

రెజ్లింగ్ చరిత్రే దీనికి జవాబు చెబుతుంది. 1999 అక్టోబరు 17న చైనా అనే పేరుతో కుస్తీ పట్టిన జోనీ లారర్, జెఫ్ జారెట్‌ని ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచిన మొదటి స్త్రీ అయింది. జారెట్‌ది అప్పట్లో ఆడవాళ్ళ చోటు వంటిల్లు అని అరిచే పాత్ర. ఆ మ్యాచ్‌కి పెట్టిన పేరు 'గుడ్ హౌస్‌కీపింగ్'. వంటసామాను, ఇంటిసామానే ఆయుధాలు! జారెట్ టైటిల్ బెల్టుతో కొట్టి గెలిచినట్టయితే, బెల్టు ఇంటిసామాను కాదు కాబట్టి చెల్లదని రిఫరీ మళ్ళీ మొదలుపెట్టించాడు. ఆఖరికి ఆమె గిటారుతో కొట్టి గెలిచింది. (గిటారు ఇంటిసామానెలా అయిందో ఎవరూ అడగలేదు.) ఇదంతా మగవాళ్ళు కూర్చుని రాసిన స్క్రిప్టు. నవ్వులాటగా కట్టిన పోటీ. అయినా ఆ గెలుపుని టీవీలో చూసిన ఆడపిల్లలకి అది నవ్వులాట కాదు. 2001లో చైనా ఆ కంపెనీ వదిలి వెళ్ళిపోయింది. 2016లో చనిపోయింది. 2019లో ఆమెని వాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, అదీ ఒక్కదానిగా కాదు, ఒక మగవాళ్ళ జట్టులో సభ్యురాలిగా. గెలుపు ఆమెకిచ్చారు, కథ మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు.

దీనికి సరిగ్గా రెండో వైపు 2015 ఫిబ్రవరిలో కనిపిస్తుంది. అప్పటికి ఆడ రెజ్లర్లని ఆ కంపెనీ 'దివాస్' అని పిలిచేది. వాళ్ళకి సీతాకోకచిలుక ఆకారంలో ఒక టైటిల్ బెల్టు కూడా ఉండేది. అంటే గెలవడానికి ఏదో ఒకటి ఉంది. లేనిది సమయం. ఆ నెల ఒక సోమవారం రాత్రి నలుగురు ఆడవాళ్ళ మ్యాచ్ అర నిమిషంలో ముగిసిపోయింది. ప్రేక్షకులు తిరగబడ్డారు. దివాస్‌కి ఒక అవకాశమివ్వండన్న నినాదం ప్రపంచమంతా మారుమోగింది. వాళ్ళడిగింది ఇంకో బెల్టు కాదని గమనించాలి. రింగులో పడి లేవడానికి, లేచి మళ్ళీ పడడానికి, చూసేవాళ్ళకి ఊపిరాడకుండా చెయ్యడానికి కావలసిన నిమిషాలు అడిగారు. రెజ్లింగ్‌లో నిమిషాలే కథ. అర నిమిషంలో గెలిచినా ఓడినా ఒకటే. 2016 ఏప్రిల్‌లో ఆ 'దివాస్' పేరూ ఆ బెల్టూ పోయాయి. 2019లో రెసిల్‌మేనియా ఆఖరి మ్యాచ్, అంటే అందరికన్నా పెద్ద మ్యాచ్, మొదటిసారి ముగ్గురు ఆడవాళ్ళది: బెకీ లించ్, రోండా రౌసీ, షార్లెట్ ఫ్లెయర్. బెకీ గెలిచింది. కానీ ఆ రాత్రి ఆ ముగ్గురిలో ఎవరు గెలిచినా నాకు ఒకటే అనిపించింది, వాళ్ళ చేతుల్లో సమయం ఉంది కాబట్టి.

కథా గెలుపా అన్న తగాదాలో ఈ-ఫెడ్‌వాళ్ళు చూడనిది ఇదేననుకుంటాను. ఆ రెంటినీ పంచిపెట్టేవాడు ఎవరన్న ప్రశ్న. యాంగిల్ ఫెడ్‌వాళ్ళు మేం పోటీ పడం, మాట్లాడుకుని ఒప్పుకుని రాస్తాం అని గర్వంగా చెప్పుకుంటారు. వినడానికి ఎంత హాయిగా ఉంది! కానీ ఒప్పుకోవడం అన్నమాట వినగానే మనకి చెవులు నిక్కబొడుచుకోవాలి. ఎవరు ఎవరికి ఒప్పుకున్నారు? ఫెడ్ పెట్టిన మనిషీ, అతని పాత స్నేహితులూ నలుగురు కలిసి ఆరు నెలల కథ వేసుకుంటే, కొత్తగా చేరిన ఆడమనిషికి మిగిలే పాత్ర ఏమిటి? ఛాంపియన్ పక్కన నడిచే ప్రియురాలు, లేదా ఎత్తుకుపోబడే ప్రియురాలు. ఆమె దానికి ఒప్పుకుంటుంది, ఎందుకంటే ఒప్పుకోకపోతే అసలు కథలోనే ఉండదు. మన ఉమ్మడి కుటుంబాల్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయాలు గుర్తు చేసుకోండి. అదే పోటీ ఉన్నచోట, ముక్కూ మొహం తెలియని ఆవిడ ఒకరు వచ్చి మంచి రచన పెడితే, పాతికసార్లు గెలిచిన ఛాంపియన్‌ని కూడా ఓడించగలదు. పరీక్ష పేపరు మీద పేరు బదులు నంబరుండడం మనలాంటివాళ్ళకి ఎంత మేలు చేసిందో మర్చిపోకూడదు.

అందుకే పోటీని ఒక్క వేటుతో కొట్టిపారెయ్యలేను. మరి కథ పోటీ నియమాలకి ఒదిగిపోయి చచ్చిపోకుండా ఎలా?

నాకు బ్రాంటీ అక్కచెల్లెళ్ళు గుర్తొస్తారు. 1826లో వాళ్ళ నాన్న కొడుకు బ్రాన్‌వెల్ కోసం కొయ్య సైనికుల పెట్టె తెచ్చాడు. నలుగురు పిల్లలూ తలొక సైనికుడికి పేరు పెట్టి ఆట మొదలుపెట్టారు. ఆటలోంచి రాజ్యాలు, పత్రికలు, చరిత్రలు పుట్టుకొచ్చాయి. ఈ-ఫెడ్‌కి ఇంతకన్నా దగ్గర పూర్వీకుల్ని నేను చూపించలేను. ఆ రాజ్యాల్లో పెత్తనం బ్రాన్‌వెల్‌దీ షార్లెట్‌దీ. చిన్నవాళ్ళయిన ఎమిలీ, ఆన్ కొన్నేళ్ళకి అందులోంచి బయటికొచ్చేసి గోండాల్ అనే తమ సొంత ద్వీపం కట్టుకున్నారు. అక్కడ యుద్ధాలు లేవనుకునేరు! కుట్రలు, జైళ్ళు, హత్యలు, అన్నిటికీ మధ్య అగస్టా అనే భయంకరమైన రాణి. గెలుపోటములు బోలెడున్నాయి. మార్కులు వేసేవాడు మాత్రం లేడు. 1845లో అక్కచెల్లెళ్ళిద్దరూ యార్క్ నగరానికి వెళ్ళారు. అప్పటికి పాతికేళ్ళొచ్చినవాళ్ళు. దారంతా గోండాల్ పాత్రలై మాట్లాడుకుంటూ వెళ్ళామని ఎమిలీ తన కాగితాల్లో రాసుకుంది. గోండాల్ వచనమంతా పోయింది. పద్యాలు మిగిలాయి. 'వదరింగ్ హైట్స్' ఆ ద్వీపం మట్టిలోంచే మొలిచిందని చాలామంది విమర్శకులు అంటారు.

ఇద్దరే ఉండి, ఒకరినొకరు పూర్తిగా నమ్మితే అలా సాగుతుంది. వందమంది చేరితే సాగదు. అక్కడ ఎవరో ఒకరు తీర్పరి కావలసిందే. నేను తప్పించుకోలేకపోయిన చోటు కూడా అదే.

కొన్నేళ్ళ క్రితం ఒక కథల పోటీకి తొలి వడపోత పని నాకప్పగించారు. దాదాపు 80 కథలు, పేర్లు తీసేసినవి. ప్రతి కథకీ నింపడానికి ఒక పట్టిక: వస్తువు, శిల్పం, భాష, ముగింపు, సందేశం, తలో పది మార్కులు. అందులో ఒక కథ. మొగుడితో గొడవపడి బయల్దేరిన ఆవిడ రాత్రి బస్టాండులో కూర్చుంటుంది. పుట్టింటికెళ్ళే బస్సు వస్తుంది, వెళ్ళిపోతుంది. పక్కన కూర్చున్న జామపళ్ళమ్మి బుట్ట సర్దుకుంటూ ఏదో మాట్లాడుతుంది. తెల్లవారుతుంది. కథ అయిపోతుంది. ఆవిడ ఎటు వెళ్ళిందో లేదు. నాకు ఆ కథ చాలా నచ్చింది. ముగింపు గడి దగ్గర పెన్ను ఆగింది. తర్వాతి దశలో ఉన్నవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి అనుకున్నాను. మూడు వేశాను. సందేశానికి రెండు. మొత్తం కలిపితే కొద్దిలో తప్పిపోయింది. పైకి పంపిన కథల్లో ఒక కథ నాకు స్పష్టంగా గుర్తుంది. అందులో భార్య ఆఖరి పేరాలో మొగుడి చెంప ఛెళ్ళుమనిపిస్తుంది. దానికి ముగింపులో తొమ్మిది వేశాను.

ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. పట్టిక మాత్రం ఎవరో తయారుచేశారు, కానీ గడిలో అంకె నాదే. బట్టలుతికే రాత్రిని ఓడించిన ఆ న్యాయనిర్ణేత మీద నాకు కోపం రాకపోవడానికి కారణం ఇదే కావచ్చు. స్త్రీవాద కథలో కూడా ఒక ప్రోమో తయారైపోయింది. ప్రత్యర్థిని చివరి పేరాలో ఎంత బాగా చీల్చామన్న లెక్క. పోటీలకి రాసేవాళ్ళకి అది తెలుసు, మార్కులేసే మాకు తెలుసు. ఎటూ తేల్చుకోలేక బస్టాండులో కూర్చున్న ఆవిడకి ఆ లెక్కలో చోటు లేదు. గెలిచిన స్త్రీలనే కథలుగా ఏరుకుంటూ పోతే, ఇంకా గెలవనివాళ్ళ సంగతి రాసేదెవరు?

2017లో కవితా దేవి అనే హర్యానా అమ్మాయి సల్వార్ కమీజు వేసుకుని అమెరికాలో మే యంగ్ క్లాసిక్ పోటీల రింగులోకి దిగింది. ఆ వీడియో మన దేశంలో ఎంతమంది చూశారో లెక్కలేదు. చున్నీ నడుముకి బిగించి ప్రత్యర్థిని తలకెత్తి పడేసిన ఆ దృశ్యం మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఫోనులో కూడా ఉండేది. ఆ మ్యాచ్‌లో కవిత మొదటి రౌండులోనే ఓడిపోయిందని నేను చెబితే ఆ అమ్మాయి నమ్మలేదు. ఓడినట్టు ఎక్కడుందీ అంది.

బట్టలుతికిన పాత్ర ఆ తర్వాత ఇంకో మూడు మ్యాచ్‌లు ఆడింది, మూడూ ఓడిపోయింది. మూడో రచనలో కొంచెం మారింది. అందులో ప్రత్యర్థి మీద తిట్లున్నాయి, చిన్నప్పటి గాయం ఒకటి బయటికొచ్చింది. నేను చదువుతూ వద్దు వద్దనుకున్నాను, గెలిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. నాలుగో మ్యాచ్‌కి గడువు దాటినా రచన రాలేదు. మ్యాచ్ రాసినవాళ్ళు ఆమెని రెండు వాక్యాల్లో పడగొట్టేశారు. ఆ తడిబట్టలు ఎక్కడ ఆరేసుకుందో ఎవరూ రాయలేదు.